మూడో చెమ్మా

మా అమ్మకి అష్టాచెమ్మాలో తొండి చేయడం రాదు. ఆ ఒక్క కారణంతో నలభై ముగ్గురు ఆడవాళ్ళకి ప్రాణం మీదకి వచ్చింది. ఇలా చెబితే ఎవరూ నమ్మరని నాకు తెలుసు. కాగితం మీద లెక్క వేసి చూపించేదాకా మా మెహర్ మేడమ్ కూడా నమ్మలేదు.

నా పేరు ప్రసూన. విశాఖలో సముద్రం కనిపించే ఒక కొండ మీద గణిత పరిశోధనాలయం ఉంది, అందులో ఉద్యోగం. తాళాలు పగలగొట్టడం నా పని. ఇనప తాళాలు కాదు, లెక్కల తాళాలు. ఫోనులో వెళ్ళే ఉత్తరాలకీ, ఆసుపత్రి కాగితాలకీ, బ్యాంకులకీ వేసేవి. వాటిని కాపాడేది ఉక్కు కాదు, ఫలానా లెక్క చేయడం కష్టం అన్న నమ్మకం. అది నిజంగా కష్టమని ఎవరూ రుజువు చేయలేదు. ఇన్నేళ్ళుగా ఎవరికీ చేతకాలేదు, అంతే. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు నవ్వాగలేదు. లోకమంతా ఒక చేతకానితనాన్ని గడియగా పెట్టుకుని హాయిగా నిద్రపోతోందన్నమాట!

నా బుద్ధే అంత. మూసిన డబ్బా కనబడితే మూత తీసి చూడాలి. చిన్నప్పుడు గోడ గడియారం విప్పేసి, అమ్మ చేత వీపు విమానం మోత మోగించుకున్నాను. ఆ దెబ్బలు నాకేమీ నేర్పలేదు.

మెహర్ మేడమ్ మా ప్రయోగశాలకి పెద్ద. కొత్తగా చేరినవాళ్ళని ఆవిడ ముందు జీపెక్కించి ఊరవతల పామాయిల్ తోటకి తీసుకెళ్తారు. నన్నూ తీసుకెళ్ళారు. చెట్లు వరసలు తీరి, ఎటు చూసినా సమానమైన దూరంలో ఉన్నాయి. ఆవిడ తన దుపట్టాతో నా కళ్ళకి గంతలు కట్టి, నాలుగు చుట్లు తిప్పి వదిలారు.

"నీకు అన్నిటికన్నా దగ్గరున్న చెట్టు పట్టుకో."

చేతులు చాపి తడుముకుంటూ నాలుగడుగుల్లో పట్టేసుకున్నాను.

"ఇక్కడ ఉన్నవి రెండే దారులు. ముందు వెనకలు, కుడి ఎడమలు. అలాంటివి అయిదొందలున్న తోట ఒకటి ఊహించుకో. ఒక దారిలో చెట్టుకి దగ్గరయ్యేసరికి ఇంకో నలభై దారుల్లో దూరమైపోతావు. లోకంలో యంత్రాలన్నీ కలిసి తడుముకున్నా చెట్టు చేతికి తగలదు. ఆ చెట్టే తాళంచెవి. నువ్వు నిలబడ్డ చోటు అందరికీ చూపిస్తాం. చెట్టుకీ నీకూ మధ్య ఉన్న ఆ నాలుగడుగులే రహస్యం."

"ఆ అడుగులు ఎటు వెయ్యాలో ఎవరు చెప్తారు మేడమ్?"

"మంచి ప్రశ్న. ఎవరూ చెప్పకూడదు. ఎవరు చెప్పినా వాళ్ళ అలవాటు అందులో పడుతుంది. అలవాటు పడిందంటే జాడ దొరికినట్టే."

ఆ మాట పట్టుకుని ఆవిడా నేనూ ఆరేళ్ళు కష్టపడి ఒక యంత్రం తయారు చేశాం. రెండు బీరువాలంత ఉంటుంది, చుట్టూ చల్లనీళ్ళ గొట్టాలు. జల్లెడ అని పేరు పెట్టింది నేనే. నాలుగడుగులు వేసినవాడికి ఏ చిన్న అలవాటు ఉన్నా, అంటే మూడోసారి ఎడమకి తూగడం లాంటిది, జల్లెడ పసిగడుతుంది. ఆ ఒక్క పట్టు దొరికితే అయిదొందల దారుల తోటలోనూ చెట్టు దగ్గరికి నడిచి వెళ్ళిపోతుంది. అలవాటు లేని తాళం ముందు మాత్రం అది వట్టి ఇనప సామాను.

పరీక్ష కోసం అందరికీ అందుబాటులో పడి ఉన్న పాత మూటలు రెండొందల పన్నెండు పోగుచేశాం. తాళం వేసి బయటపెట్టిన కాగితాలని మేం మూట అంటాం. రెండొందల పదకొండింటిని జల్లెడ ముట్టుకోలేకపోయింది. ఒక్కటి మాత్రం చిక్కింది. దాని పేరు 'రొయ్యల షెడ్డు సాక్ష్యాలు'.

దాన్ని జాబితాలో చేర్చింది నేనే. కాకినాడలో మా అమ్మ వీరవేణి ఇరవై ఏళ్ళు ఆ షెడ్డులోనే రొయ్యలు వలిచింది. పదకొండేళ్ళ కిందట, నేను హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు, అక్కడ ఐసు యంత్రంలోంచి గ్యాసు కారి ముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు. గ్యాసు కారితే మోగాల్సిన అలారం మోగలేదు. అది దానంతటదే పాడైపోయిందని మేనేజరు కోర్టులో చెప్పాడు. కాదని తెలిసిన నలభై ముగ్గురు తలా ఒక సాక్ష్యం రాసి, పేర్లతో సహా మూటకట్టి, ఎవరూ చెరిపేయడానికి వీల్లేకుండా ఇంటర్నెట్లో పెట్టి లోకం మీదకి వదిలారు. ధైర్యం వచ్చిన రోజున తెరుద్దామనుకున్నారు. అనుమానం మీదే ఇద్దరి పని పోయింది, ఒకామె కొడుకుని రోడ్డు మీద పడేసి కొట్టారు. ఆ మేనేజరు ఇప్పుడు షెడ్డులో వాటాదారు, కేసు ఇంకా నడుస్తూనే ఉంది. నువ్వు కూడా రాశావా అని అప్పట్లో అమ్మని అడిగితే, "నాకెందుకే ఆ గొడవ" అంది.

అంటే ఇన్నేళ్ళూ వాళ్ళకి కాపలా ఉన్నది పోలీసులు కాదు, నాయకులు కాదు. ఒక లెక్క చేయడం కష్టం అన్న మాటే.

మూటతో పాటు ఒక పేజీ వివరం ఉంది. కంప్యూటరు ఇచ్చే అంకెల్ని మేనేజరు మనుషులు మార్చేస్తారేమోనని ఆ ఆడవాళ్ళు దాన్ని నమ్మలేదట. తొమ్మిది రోజులు కూర్చుని, నాలుగేసి గవ్వలు వేసి, అడుగులు ఎటు వెయ్యాలో చెప్పడానికి పడిన అంకెల్నే తాళం వేసేవాళ్ళకి రాసి ఇచ్చారట. మొత్తం పద్దెనిమిది వేల పందేలు. చదివి చప్పట్లు కొట్టాను. ఇంతకన్నా మంచి పద్ధతి నేనైనా చెప్పలేను. గవ్వలకి అలవాట్లుండవు.

మరి జల్లెడకి ఏం దొరికినట్టు?

తెర మీద ఒకటే ముక్క: 'పెద్ద అంకెలు వరసగా మూడుసార్లు రావు.' నాలుగు గానీ ఎనిమిది గానీ రెండుసార్లు వెంట వెంటనే పడతాయి, మూడోసారి మాత్రం పడవు. ఎందుకు పడవు? గవ్వకి లెక్క పెట్టుకోవడం వచ్చా?

మెహర్ మేడమ్ గవ్వలు తెప్పించారు. అరవయ్యేళ్ళ ఆవిడ, నేను, ప్రయోగశాల నేల మీద చాప పరుచుకుని కూర్చున్నాం. రెండు రోజులు మధ్యాహ్నాలు వేస్తూనే ఉన్నాం. మూడో రోజు భోజనాలయ్యాక మూడు పెద్దవి వరసగా పడ్డాయి. ఆవిడ చిన్నపిల్లలా ఎగిరి, మోకాలు పట్టేసి, గోడ పట్టుకుని నిలబడ్డారు. "పడుతున్నాయి కదమ్మా! మరి వాళ్ళకెందుకు పడలేదు?"

నాకు తిండి సయించలేదు. భయం కాదు, ఉత్సాహం. తెలియని సంగతి ఒకటి పంటి కింద నలుగుతుంటే నాకు అంతకన్నా సుఖం లేదు. ఆ సుఖంలో, మూటలో ఉన్నది మనుషులన్న సంగతి మరిచిపోయాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆదివారం కాకినాడ వెళ్ళాను. మా ఇల్లు జగన్నాథపురంలో. పక్కింటి మంగతాయారత్త వచ్చి కూర్చుంది. ఆవిడా అమ్మా ఇరవై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర రొయ్యలు వలిచారు. వేళ్ళు ఐసులో నాని నాని పాడవడంతో అమ్మ రెండేళ్ళ కిందట మానేసింది, తాయారత్త ఇంకా వెళ్తోంది. గ్యాసులో పోయిన ముగ్గురిలో ఒకామె ఈవిడ చెల్లెలు సత్యవతి. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి అష్టాచెమ్మా వేసుకోవడం రివాజు. ఆ రోజు నన్నూ కూర్చోబెట్టారు.

నాకు చెమ్మా పడింది, అంటే నాలుగు. మళ్ళీ వేశాను. అష్టా, ఎనిమిది. మళ్ళీ వేశాను, చెమ్మా. పావుగా పెట్టుకున్న గాజుపెంకు పట్టుకుని పదహారు గళ్ళూ నడపబోతుంటే అమ్మ టక్కున గవ్వలు ఊడ్చేసింది.

"మూడు పడిపోయినియ్యే. సెల్లవు. మూడూ కొట్టేసి మళ్ళీ ఎయ్యి."

"అదేంటమ్మా! పడ్డాయిగా."

"పెద్దయ్యి మూడు వరసనే పడితే సెల్లవు. ఎన్ని సదువులు సదివితే ఏం లాభం, ఆట మర్చిపోయేవ్!"

తాయారత్త కిసుక్కున నవ్వింది. నా చేతిలో గాజుపెంకు చేతిలోనే ఉండిపోయింది. పెద్దది పడే అవకాశం ఎనిమిదింట ఒకటి. వరసగా మూడు పడేది అయిదొందల పన్నెండింట ఒకటి. పద్దెనిమిది వేల పందేల్లో ముప్పై అయిదు సార్లు పడాలి.

"అమ్మా, ఆటలో కాకుండా ఊరికే వేసినా కొట్టేస్తారా?"

"ఎక్కడేసినా గవ్వలు గవ్వలే కదే. అక్కడా అంతే ఏసేం..."

ఆగిపోయింది. తాయారత్త దగ్గింది. పందెం ఎవరిదో ముగ్గురం మరిచిపోయాం.

ఎంత నిజాయితీ! తొమ్మిది రోజులూ ఎవరూ చూడకుండానే, ఎవరూ అడగకుండానే, ముప్పై అయిదు సార్లు పడినవాటిని పడలేదని కొట్టేశారు. తొండి ఆడటం ఇష్టం లేక. ఆ నిజాయితీయే జల్లెడకి జాడై దొరికింది.

సోమవారం వెళ్ళేసరికి జల్లెడ ఆ పట్టుతో తాళం తీసే పని ముగించింది. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. తెరిచిన మూటని చదవకూడదు. తాళం నిజంగా ఊడిందని నిర్ధారించుకోవడానికి మొదటి వరస మాత్రం చూడాలి. చూశాను.

'నా పేరు గుత్తుల వీరవేణి. అలారం తీగ పీకింది నేనే.'

కింద ఇంకా ఉంది. ఒక్క మీట నొక్కితే వస్తుంది. నొక్కలేదు. మూత దాకా వచ్చి వెనక్కి తిరగడం నా జీవితంలో అదే మొదటిసారి. మేడమ్ వచ్చి తెర చూసి, నా ఇంటిపేరు గుర్తుకొచ్చి, తెర ఆపేశారు.

"తాళం పగిలితే ముందు దాని సొంతదార్లకి చెప్పాలి," అన్నారు. "తొంభై రోజులు గడువిచ్చి, తర్వాతే మన పద్ధతి బయటపెట్టాలి. ఇది ఎవరి తాళమైనా అంతే."

"మనం బయటపెట్టకపోతే మేడమ్?"

"ఇంకో రెండు చోట్ల ఇదే పని జరుగుతోంది. మనకన్నా మూడు నాలుగు నెలలు వెనకున్నారు. వాళ్ళు గడువు ఇస్తారో ఇవ్వరో నాకు తెలియదు."

ఆ ఉత్తరం నేనే తెలుగులో రాశాను. నేనే పట్టుకెళ్ళాను.

అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. మొత్తం చెప్పాను. గవ్వలు, తోట, జల్లెడ. ఈనెలు తీయడం ఆపకుండానే వింది.

"సదివేవా?"

"ఒక్క వరస."

"మిగతాది?"

"లేదు."

"అబద్ధాలాడకే. మూత కనపడితే నువ్వాగుతావా?"

"ఈసారి ఆగానమ్మా."

తలెత్తి నా మొహం చూసింది. నమ్మింది.

"అయితే నేనే సెప్తాను, ఇను. ఆ అలారం రోజుకి పదిసార్లు ఊరికే మోగేది. మోగినప్పుడల్లా బల్లలొదిలేసి బయటికి పరిగెత్తాలి. ఐసు కరిగిపోయేది, సరుకు పాడైపోయేది, సూపర్‌వైజరు బూతులు తిట్టేవోడు. ఓ రోజు మేనేజరొచ్చి, వీరేణీ, ఆ తీగ పీకెయ్యన్నాడు. స్టూలెక్కి పీకేసేను. పీకేక అందరూ సంబరపడ్డారే. సత్తెవతయితే, మంచి పని సేసేవొదినా అంది." చిక్కుడుకాయ చేతిలో విరిగింది. "మూడు వారాల తర్వాత గ్యాసొచ్చింది."

"తాయారత్తకి తెలుసా?"

"ఎవరిది ఆళ్ళే రాసేం, పక్కకెళ్ళి. ఎవరిదెవరూ సూళ్ళేదు. పదకొండేళ్ళ నించీ ప్రతి ఆదివారం దాని మొకం సూత్తన్నాను. గవ్వలేత్తన్నాను."

నాకు ఏడుపొచ్చింది. అమ్మకి రాలేదు. ఆవిడ అడగాల్సినవి ఇంకా ఉన్నాయి.

"అయితే మూణ్ణెల్లయ్యేక ఎవడైనా సదివెయ్యొచ్చా?"

"చదవచ్చు. ఆ మూట నకళ్ళు ఎన్నిచోట్ల ఉన్నాయో ఎవరికీ తెలియదు. వెనక్కి తీసుకోలేం."

"మేమే తెరిసేద్దామంటే కుదర్దు. తాళంచెవి అయిదు ముక్కలు సేసి అయిదుగురికిచ్చేం. పాపాయమ్మ ముక్క తుపాన్లో ఇంటితోపాటు పోయింది." ఇంకో కాయ అందుకుంది. "మీ జల్లెడ కోర్టులో తెరవచ్చా? ఇది పదకొండేళ్ళ కితం రాసిందేనని, నిన్నా మొన్నా అల్లింది కాదని జడ్జిగారికి తెలుత్తాదా?"

నేను బిత్తరపోయాను. ఆరేళ్ళుగా జల్లెడతో కాపురం చేస్తున్నాను, ఈ ఆలోచన నాకు రాలేదు. ఆ మూట నకళ్ళు పదకొండేళ్ళుగా లోకం మీద ఉన్నాయి, తాళం వేసిన నాటి నుంచి ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చలేరు. పోయిన తాళంచెవి మళ్ళీ చేసి ఇవ్వగలిగేది జల్లెడ ఒక్కటే.

"తెలుస్తుందమ్మా. కానీ అందరి పేర్లూ బయటికొస్తాయి. నీది కూడా. నీ మీద కూడా కేసు పెట్టచ్చు."

"పెట్టనియ్. ఎలాగూ బయటికొచ్చేదాన్ని ఎవడో సదివి సెప్పడమెందుకు? నేనే సెప్తాను. ముందు తాయారుకి సెప్పాలి."

చిక్కుడుకాయల పళ్ళెం నా ఒళ్ళో పెట్టి, కొంగు సర్దుకుని పక్కింట్లోకి వెళ్ళింది. నేను గుమ్మంలోనే కూర్చున్నాను. కేకలు వినిపిస్తాయనుకున్నాను. ఏమీ వినిపించలేదు. అమ్మ తిరిగొచ్చేసరికి కాయలన్నిటికీ ఈనెలు తీయడం అయిపోయింది. వెనకాలే తాయారత్త ఇంటి తలుపు గడియ పడిన చప్పుడు అయింది.

"ఏమందమ్మా?"

"ఏమంటాది?" అంది అమ్మ. అంతే.

మరుసటి వారం చర్చి పక్క హాల్లో అందరూ చేరారు. నలభై ముగ్గురిలో నలభై ఒక్కమంది మిగిలారు. మెహర్ మేడమ్ కూడా వచ్చారు. ఉత్తరం చదివాను. మూట ఎలా ఊడిందో చెబుతుంటే మధ్యలో ఒక ముసలామె లేచి, "మరి మూడు పడితే సెల్లవు కదమ్మా, ఎలా ఉంచేత్తాం?" అని నిలదీసింది. మేడమ్ ఆవిడకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు.

అమ్మ లేచి తన వరస తానే చెప్పింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒకామె అమ్మ మొహం మీదే "పాపిష్టిదానా" అంది. అమ్మ కూర్చోలేదు. అంతా విని, "కోర్టులో తెరవడానికి ఒప్పుకునేవోళ్ళు సెయ్యెత్తండి" అని తన చెయ్యి ముందు ఎత్తింది. ఒక్కొక్క చెయ్యే లేచింది. అన్నీ ఐసు తినేసిన గోళ్ళే. చిట్టచివర, గోడకానుకుని, అమ్మకేసి చూడకుండా, తాయారత్త చెయ్యి లేచింది. మర్నాడు పొద్దున్న ఆ షెడ్డుకే పనికి వెళ్ళాల్సిన మనిషి ఆవిడ.

కోర్టులో మూట తెరిచిన రోజు జడ్జిగారు మొదటి సాక్ష్యాన్ని గుమాస్తా చేత చదివించబోతే, అమ్మ అడ్డం వచ్చి, చేతుల్లోకి తీసుకుని, కూడబలుక్కుంటూ చదివింది. 'మేనేజరు పీకెయ్యమన్నాడు. నేను పీకేను. ఆయన సెప్పేడని నా తప్పు పోదు.' మేనేజరు లాయరు ఇదంతా కల్పించినదన్నాడు. మేడమ్ బోనెక్కి, గవ్వల లెక్క బోర్డు మీద వేసి చూపించారు. ఆ మూడో చెమ్మాలు లేకపోవడమే, ఆ గవ్వలు వేసింది ఆ ఆడవాళ్ళేననడానికి సాక్ష్యమైంది. మేనేజరుని ఆ నెలలోనే అరెస్టు చేశారు. అమ్మ మీద కూడా కేసు పెట్టారు. బెయిలు దొరికింది, తీర్పు ఇంకా రావాలి. షెడ్డులో తొమ్మిదిమందిని పనిలోంచి తీసేశారు. తాయారత్త వాళ్ళలో ఒకరు.

మా వ్యాసం గడువు తీరాక అచ్చయింది. నాకు మంచి పేరొచ్చింది. అది చదువుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది, ఆ వెనకాలే ఆ తొమ్మిదిమంది గుర్తొస్తారు. రెండూ నిజమే.

అయిదు నెలలు తాయారత్త మా గుమ్మం తొక్కలేదు. అమ్మ మాత్రం ప్రతి ఆదివారం నేల తుడిచి, గళ్ళు గీసి, సాయంత్రం దాకా కూర్చుని తుడిచేసేది. ఎందుకమ్మా అని నేను అడగలేదు.

మొన్న ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. తాయారత్త చెప్పాపెట్టకుండా వచ్చి, గళ్ళకి అటువైపు కూర్చుంది. పలకరింపు లేదు. గవ్వలు తీసి అమ్మ ముందు పెట్టింది. అమ్మ వేసింది, చెమ్మా. మళ్ళీ వేసింది, చెమ్మా. మూడోసారి గవ్వలు నేల మీద దొర్లి, నాలుగూ నోరు తెరుచుకుని ఆగాయి.

అమ్మ చెయ్యి అలవాటుగా ఊడ్చెయ్యడానికి వెళ్ళింది. తాయారత్త ఆ మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, గవ్వలకేసే చూశారు.

"ఉండనీ వదినా," అంది తాయారత్త. "పడింది పడ్డట్టే ఉండనీ. నడుపు."

అమ్మ గాజుపెంకు తీసి, ఒక్కొక్క గడీ లెక్కపెడుతూ, పన్నెండు గళ్ళు నడిపింది.